తడికి ఉబ్బిన వీడియోగేమ్ పెట్టె మూలలకు పుట్టీ

సిక్కోలు (శ్రీకాకుళం) తీరం గాలిలో, నిలబడి ఆడే పాత వీడియోగేమ్ యంత్రాల చెక్క పెట్టెలకు ముందు పాడయ్యేవి అడుగు మూలలే. నేల తడి పీల్చి పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) ఉబ్బి, పొట్టుగా రాలుతుంది. ఉబ్బినదాని మీదే పుట్టీ పూస్తే పొట్టుతో సహా ఊడిపోతుంది. గట్టి చెక్క తగిలేదాకా ఉలితో తీసేసి, వారం రోజులు ఆరనివ్వండి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

మూల మొత్తం పోతే రెండు స్క్రూలు సగం బిగించి వదలండి, పుట్టీకి అవే పట్టు. టేపు చుట్టిన ప్లైవుడ్ ముక్కలు రెండు పక్కలా బిగిస్తే అచ్చు సిద్ధం.

కారు డెంటింగ్‌కు వాడే పాలిస్టర్ పుట్టీ తీసుకోండి. 100 గ్రాములకు హార్డెనర్ (పుట్టీని గట్టిపరిచే మందు) 2 గ్రాములు. తగ్గితే జిగటగా ఉండిపోతుంది, ఎక్కువైతే పూసేలోపే బిగుస్తుంది, రంగులోంచి మరక తేలుతుంది. కొద్దికొద్దిగా కలిపి, 3 మిల్లీమీటర్ల పొరలుగా వేయండి. ఫెవికాల్, రంపపు పొట్టు ముద్ద మేకు రంధ్రాలకే, ఆరాక కుంచించుకుపోతుంది.

అంచు ప్లాస్టిక్ పట్టీ దిగే గాడిలోకి పుట్టీ పోనివ్వకండి, మళ్లీ కోయడం చాలా కష్టం. 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితంతో వరసగా రుద్ది, ప్రైమర్ రెండు పూతలు వేయండి. అడుగు అంచుకూ వేసి, కింద రబ్బరు కాళ్లు బిగించండి.