విశాఖ నుంచి అండమాన్‌కు మకాం మార్చాలంటే ఎలా?

విశాఖలో పెరిగినవాళ్ళకు సముద్రం కొత్త కాదు. సాయంత్రమైతే ఆర్కే బీచ్, ఆదివారమైతే భీమిలి ఎలాగూ ఉన్నాయి. అందుకే "బీచ్‌లు బాగుంటాయి" అన్న ఒక్క కారణంతో అండమాన్‌లో కాపురం పెడతానంటే నేను వద్దనే చెబుతాను. అంతకంటే గట్టి కారణాలు ఉన్నాయి.

ముందు మీ కారణాలేమిటో కాగితం మీద రాసుకోండి. నా లెక్కలో మొదటిది మనుషులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ఉన్నది 3 లక్షల 80 వేల మంది. అందులో 50 వేల మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు వెళ్ళి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి జంగ్లీఘాట్ చేపల రేవులో తెల్లవారుజామున నిలబడితే బేరాలు మన యాసలోనే వినిపిస్తాయి. మా పిన్ని వాళ్ళ ఇల్లు ఆ రేవుకు దగ్గరే. రెండోది గాలి. విశాఖ పాతనగరంలోని మా ఇంట్లో పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రం వేలితో గీస్తే నల్లగా అంటుతుంది. పిన్ని వాళ్ళింట్లో కిటికీ గట్టు మీద ఉండేది ఉప్పు తేమే. మూడోది పని. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ ప్రారంభమైంది. అప్పటి నుంచి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ పని చేసుకునేవాళ్ళకు కూడా అక్కడ ఉండే వీలు కలిగింది.

తర్వాత, ఒకసారి ఓడలో వెళ్ళి రండి. విమానంలో వెళ్తే దూరం తెలియదు. విశాఖ రేవు నుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. ఓడ తరచుగా ఉండదు, తేదీలు కూడా మారుతుంటాయి. అందుకే సెలవు రెండు మూడు రోజులు ఎక్కువే పెట్టుకోండి. బంక్ క్లాసులో వెళ్తే ఆ దీవుల జీవితం సగం అక్కడే అర్థమవుతుంది. నా పక్క బంక్‌లో ఒక పెద్దావిడ ఆవకాయ జాడీని పాత చీరలో చుట్టి, దాన్ని బంక్ కాలికి తాడుతో రెండు ముళ్ళు వేసి కట్టింది. ఓడ ఊగినప్పుడల్లా ఒక చెయ్యి జాడీ మీదే. "అక్కడ మామిడికాయ దొరకదామ్మా?" అని అడిగితే, "దొరుకుద్దమ్మా, మనూరి కారం దొరకదు" అంది.

మూడో పని అసలైనది: వానాకాలంలో కనీసం ఒక నెల అక్కడ ఉండి చూడండి. "ఫిబ్రవరిలో వచ్చి మురిసిపోకమ్మా, జులైలో వచ్చి ఉండు" అని పిన్ని ముందే చెప్పింది. విశాఖలో ఏడాదికి పడే వానకు అక్కడ సుమారు మూడు రెట్లు పడుతుంది. బట్టలు ఆరవు, చెప్పులకు బూజు పడుతుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే దీవుల మధ్య తిరిగే పడవలు ఆగిపోతాయి. ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయల ధర పెరుగుతుంది. ఎండాకాలంలో కథ తిరగబడుతుంది, మంచినీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వారాలుంటాయి. ఇంకో సంగతి, పొద్దు. మన గడియారమే అక్కడా నడుస్తుంది కానీ సూర్యుడు దాదాపు 40 నిమిషాలు ముందుంటాడు. నవంబరు చివర్లో సాయంత్రం ఐదింటికే దీపాలు పెట్టాలి. చీకటితో దిగులు పడే మనిషైతే దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇల్లు మొదటి ఏడాది అద్దెకే తీసుకోండి. అక్కడి భూమికి 1966 నాటి ప్రత్యేక చట్టం ఉంది. భూమి మీద యాజమాన్యం ప్రభుత్వానిది, ప్రజలకు ఉండేవి అనుభవ హక్కులు. మన దగ్గర స్థలం కొన్నట్టు అడ్వాన్సు ఇచ్చేసి టెన్షన్ పడొద్దు. తెలిసిన లాయరుకు కాగితాలు చూపించాకే మాట్లాడండి. నగరంలో, స్వరాజ్ ద్వీప్‌లో (పాత హేవ్‌లాక్) ఉండడానికి భారతీయులకు పర్మిట్ అక్కర్లేదు. ఆదివాసీల రక్షిత ప్రాంతాల్లో మాత్రం అడుగు పెట్టకూడదు, ఫొటోల కోసమైనా సరే. ఆ నిషేధం వాళ్ళ ప్రాణాలు కాపాడటానికి ఉంది.

సామాన్ల విషయంలో నేను నష్టపోయాను. పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో వేసి పంపితే రెండు నెలల్లో అట్టలు ఉబ్బి, పేజీలు అతుక్కుపోయాయి. మీరు మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. ఇనుప బీరువా, ఇనుప మంచం ఇక్కడే అమ్మేయండి, ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతాయి. బండి తీసుకెళ్ళాలంటే ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో ఎన్వోసీ తీసుకోవాలి. ఏడాదికి మించి అక్కడే ఉంటే బండికి అక్కడి నంబరు వేయించాలి.

పిల్లలకు హిందీ ముందు నుంచే నేర్పండి. అక్కడ బెంగాలీ, తమిళం, తెలుగు ఇళ్ళలో నడుస్తాయి, వీధిలో అందరినీ కలిపేది హిందీయే. పెద్దవాళ్ళుంటే వాళ్ళ డాక్టరుతో మాట్లాడాకే నిర్ణయం తీసుకోండి. నగరంలో జీబీ పంత్ ఆసుపత్రి ఉంది కానీ పెద్ద జబ్బులకు చెన్నైకో కోల్‌కతాకో విమానం ఎక్కాల్సి రావచ్చు. ఆ ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా బ్యాంకులో వేసి ఉంచండి.

భూకంపాల ముప్పు ఎక్కువగా ఉన్న జోన్ అది. 2004 డిసెంబరు 26 సునామీని చూసినవాళ్ళు మీ పక్కింట్లోనే ఉంటారు. ఇల్లు చూసేటప్పుడు ఎత్తు మీదికి వెళ్ళే దారి ఎటో వాళ్ళనే అడగండి. మా పిన్ని నన్ను మొదటి రోజు సాయంత్రమే ఆ దారిలో గుట్ట మీదిదాకా నడిపించి, తర్వాతే టీ పెట్టింది.