ఇంటద్దె నెలనెలా వేళకు వసూలు చేసుకోవడం ఎలా?

ఒడిశాలో బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు పై వాటా అద్దెకిచ్చి, ఆ డబ్బుతోనే ఇల్లు నడుపుకునే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అద్దె ఆగిపోతే తప్పంతా అద్దెకున్నవారిదే అంటారు. సగం తప్పు ఇంటివారి మొహమాటానిది.

మొదట కాగితం. స్టాంపు కాగితం మీద 11 నెలల ఒప్పందం రాయించండి. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పదు. ఒప్పందం ఒడియాలో ఉంటే, చదవడం రాని పెద్దలు మొత్తం చదివించుకుని విన్నాకే సంతకం పెట్టాలి. అద్దె, కరెంటు, నీళ్లు విడివిడిగా రాయాలి.

తర్వాత తేదీ. 5వ తేదీ అంటే 5వ తేదీయే. 10 అని రాశారంటే జీతం డబ్బు అప్పటికే కిరాణా కొట్టుకూ చిట్టీకీ పోయి ఉంటుంది. కాలేజీ విద్యార్థులకు ఇస్తే తండ్రి ఫోను నంబరు తీసుకుని ఆయననే అడగండి.

ప్రతి నెలా అదే తేదీకి వారి ఖాతా నుంచి అద్దె దానంతటదే మనకు వచ్చేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించగలిగితే అంతకన్నా మేలైన దారి లేదు. ఫోన్‌పే చేసేవారిని 'జూన్ అద్దె' అని రాసి పంపమనండి. నగదు తీసుకుంటే రసీదు ఇవ్వండి. 5,000 రూపాయలు దాటితే దానిపై రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. దళారి చేత వసూలు చేయించవద్దు. డబ్బు ఎవరి దగ్గర ఆగిందో తేలదు.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే: 6వ తేదీ ఉదయం. డబ్బు పడలేదు. మనవాళ్లు 'పోనీలే, పండగ నెల' అని ఊరుకుంటారు. 20 నాటికి కోపం ముంచుకొచ్చి కరెంటు తీసేస్తారు. రెండూ తప్పే. కరెంటు తీశారంటే గొడవ పోలీసు స్టేషనుకు వెళుతుంది. అక్కడ మీ బాకీ మాట ఎవరూ ఎత్తరు, చీకట్లో కూర్చున్న పిల్లల గురించే అడుగుతారు.

ఆ ఉదయమే ఫోను చేయండి. "ఎప్పుడు వేస్తారు?" అని ఒక్కటే అడగండి. కారణాల్లోకి దిగవద్దు, తేదీ చెప్పేదాకా ఫోను పెట్టవద్దు. వెంటనే 'జూన్ అద్దె 6,500 రూపాయలు 9న వేస్తామన్నారు' అని మెసేజీ పంపండి. ఒడియా కుటుంబమైతే ఒడియాలోనే మాట్లాడండి, మాటకు విలువ పెరుగుతుంది. మార్గశిర మాసం లక్ష్మివారాల్లో వాళ్లిళ్లలో లక్ష్మీదేవికి మాణబసా పూజ ఉంటుంది. ఆ రోజు లక్ష్మిని చేతులారా బయటికి పంపడం చాలామందికి ఇష్టముండదు. మన శుక్రవారం పట్టింపు మనకు తెలిసిందే కదా! ఆ రోజుల్లో అడగవద్దు, మర్నాడు అడగండి.

"అడ్వాన్సులో పట్టుకోండి మాస్టారూ" అంటారు అద్దెకున్నవారు. ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. అడ్వాన్సు ఇల్లు ఖాళీ చేసే రోజు కోసం ఉంచినది. ఆనాడు కరెంటు బాకీ, విరిగిన కుళాయి, గోడలకు కొట్టిన మేకులు అన్నీ లెక్కకొస్తాయి. అడ్వాన్సు కరిగిపోయాక మన చేతిలో మిగిలేది తాళంచెవి మాత్రమే.

సగం ఇస్తానంటే తీసుకోండి, అయితే ఏ నెలకో అక్కడికక్కడే తేల్చండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కట్టేవారు ఏ బాకీకో చెప్పి ఇస్తే ఆ బాకీకే జమ కట్టాలి. చెప్పకపోతే మన ఇష్టం. కాబట్టి పాత నెలకే రాసి, ఆ సంగతి వారికీ మెసేజీలో తెలపండి.

రెండో నెల కూడా ఎగ్గొడితే ఇల్లు ఖాళీ చేయమని నోటీసు ఇవ్వండి. ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. వకీలు చేత రాయించి స్పీడ్‌పోస్టులో పంపండి. ఆ రసీదును అద్దె పుస్తకంలో అదే నెల పేజీకి పిన్ను చేసి ఉంచండి.