పాత ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? విప్పే ముందు కొలవండి

లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారు ఆయిల్ తాగుతోందని చెప్పగానే ఎదుటివాళ్ల నోట వచ్చే మాట ఒకటే, "రింగులు పోయాయి, ఇంజిన్ దించాలి". నాకూ అదే చెప్పారు. (రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి, గ్యాస్ కిందకి జారకుండా, ఆయిల్ పైకి రాకుండా ఆపేవి.) లక్షా అరవై వేలు తిరిగిన పెట్రోల్ కారు నాది, ఓ మెకానిక్ బోనెట్ ఎత్తి, ఒకసారి రేస్ చేసి, సైలెన్సర్ దగ్గర అర నిమిషం నిలబడి తీర్పు చెప్పేశాడు. చివరికి చూస్తే పోయింది బొటనవేలంత వాల్వ్ ఒకటి, ఇంజిన్ ఇప్పటికీ విప్పలేదు. దాని సంగతి కింద చెప్తాను. ఎంత తాగుతోంది, ఎప్పుడు తాగుతోంది అనే రెండు ప్రశ్నలకి జవాబు మీ చేతిలో లేకుండా ఎవర్నీ ఇంజిన్ మీద స్పానర్ పెట్టనివ్వకండి.

అసలు ఆయిల్ తాగని ఇంజిన్ లేదు. పిస్టన్ సిలిండర్ గోడకి పట్టేయకుండా ఉండాలంటే ఆ గోడ మీద పల్చగా ఆయిల్ పొర ఉండాల్సిందే, అందులో కొంచెం పెట్రోల్‌తో పాటు కాలిపోతూనే ఉంటుంది. కొత్త ఇంజిన్‌లో ఆ కొంచెం డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) మీద కనపడదు, పాతదాంట్లో కనపడుతుంది, అంతే తేడా. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు నుంచి లీటరు దాకా మామూలే అన్నట్టు రాసి ఉంటుంది. నన్నడిగితే అది వారంటీ గొడవలు రాకుండా గీసుకున్న గీత, ఇంజిన్ ఆరోగ్యానికి కొలత కాదు. నేను పెట్టుకున్న లెక్క వేరు: వెయ్యికి 200 మి.లీ. లోపు అయితే పోసుకుంటూ నడుపుకోవచ్చు, అది దాటితే కారణం వెతకాలి, అర లీటరు దాటితే ఆ పని వాయిదా వేయకూడదు.

కొలవడం చిన్న పనే, కానీ ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కారు చదునైన నేల మీద ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక ఆపి, పైనున్న ఆయిల్ కిందకి దిగడానికి ఐదు పది నిమిషాలు ఆగాలి, లేదంటే పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడాలి. మీ మాన్యువల్ ఏది చెబితే అది, కాకపోతే ప్రతిసారీ అదే పద్ధతి. డిప్‌స్టిక్ మొదటిసారి తీసినప్పుడు కనిపించేది నమ్మకండి, గుడ్డతో తుడిచి, చివరిదాకా దింపి, మళ్లీ తీయండి. రెండు వైపులా చూడండి, ఒకవైపు ఆయిల్ గొట్టానికి రాసుకుని పైకి పాకినట్టు ఉంటుంది, తక్కువ చూపించే వైపే లెక్క. పై గుర్తు దాకా నింపి, ఓడోమీటర్ రీడింగ్ రాసుకుని, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పై గుర్తు రావడానికి ఎంత పట్టిందో మి.లీ. గుర్తులున్న సీసాతో పోసి చూడండి. చాలా కార్లలో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య తేడా లీటరు, లేదా అంతకంటే కాస్త తక్కువ, కాబట్టి సగానికి దిగిందంటే దాదాపు అర లీటరు పోయినట్టు.

ఇందులో ఒక మోసం ఉంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఇంజిన్ సరిగా వేడెక్కదు, కాలని పెట్రోల్ కొంత రింగుల పక్క నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. పోయిన ఆయిల్ స్థానంలో పెట్రోల్ చేరి లెవెల్ అలాగే ఉన్నట్టు చూపిస్తుంది. ఒకరోజు నాలుగైదు గంటలు హైవే మీద వెళ్తారు, ఆ పెట్రోల్ ఆవిరైపోతుంది, దిగి చూస్తే ఆయిల్ ఒక్కసారిగా తగ్గిపోయి ఉంటుంది, ఇక టెన్షన్. నిజానికి అది ఆ ఒక్కరోజులో తాగింది కాదు. అందుకే కొలిచే వెయ్యి కిలోమీటర్లలో పొడుగు ప్రయాణం ఒకటైనా ఉండేలా చూసుకోండి.

లెక్క తేలాక మొదటి అనుమానం కారడం మీద పెట్టండి, కాలడం మీద కాదు. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి, పొద్దున్నే మరక ఎక్కడ పడిందో చూడండి. మరక పడలేదంటే కారడం లేదని కాదు, కొన్ని సీల్స్ ఇంజిన్ నడుస్తూ ప్రెషర్ ఉన్నప్పుడే కారతాయి. ఇంజిన్ బయట జిడ్డంతా తుడిచి, ఓ వంద కిలోమీటర్లు తిప్పి, టార్చ్ వేసి పై నుంచి కిందకి చూసుకుంటూ రండి, ఎందుకంటే ఆయిల్ కిందకి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది, తడి కనపడిన చోటే కారుతోందనుకుంటే పొరపాటు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ కూర్చునే చోటు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్ట్ వాషర్, క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు వెనక ఉండే సీల్స్, ఇవి చూస్తే చాలావరకు చూసినట్టే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడు వాసన వస్తుంటే వాల్వ్ కవర్ దగ్గర్నుంచి వేడి ఎగ్జాస్ట్ మీదకి చుక్కలు పడుతున్నాయేమో చూడండి.

బయట పొడిగా ఉంటే అప్పుడు పొగ. ఆయిల్ కాలితే నీలం ఛాయ, పెట్రోల్ ఎక్కువైతే నలుపు, కూలెంట్ పోతుంటే తెల్లగా దట్టంగా తీపి వాసనతో వస్తుంది. చల్లటి పొద్దున కాసేపు వచ్చి పోయే ఆవిరిని పొగ అనుకుని కంగారు పడకండి. నీలం పొగ ఎప్పుడు వస్తోందన్నదే అసలు విషయం. రాత్రంతా ఆగి ఉన్న కారు స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోతే వాల్వ్ స్టెమ్ సీల్స్ (వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి), రబ్బరు గట్టిపడి రాత్రి ఆయిల్ చుక్కలుగా లోపలికి దిగింది. ఘాట్ రోడ్డులో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేసి దిగి, కింద మళ్లీ తొక్కగానే మబ్బులా వచ్చినా ముందు వాటినే అనుమానించండి, ఎందుకంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంటేక్‌లో (ఇంజిన్‌కి గాలి వెళ్లే దారి) వాక్యూమ్ బాగా పెరిగి ఆయిల్‌ని వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ కదిలే గొట్టం) పక్క నుంచి లాగేస్తుంది. అలా కాకుండా ఎత్తు ఎక్కుతున్నంతసేపూ, లోడ్ పడినంతసేపూ వస్తూనే ఉంటే చూపు రింగుల వైపు తిప్పాలి. ఇదంతా అద్దంలో చూస్తే తెలియదు, ఎవరినైనా వెనక కారులో రమ్మనండి. పొగే లేకపోయినా నిశ్చింతగా ఉండకండి, కొంచెం కొంచెంగా వచ్చేదాన్ని క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే డబ్బా) కాల్చేస్తుంది, అందుకే వెయ్యికి పావు లీటరు తాగుతూ కూడా పొగ కనపడని కార్లుంటాయి.

స్పార్క్ ప్లగ్స్ తీసి, ఏది ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా వరసగా పెట్టి చూడండి. నాలుగూ ఒకేలా ఉంటే ఒక సంగతి, మూడు లేత గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం నల్లగా తడిగా జిడ్డు కట్టి ఉంటే ఇంకో సంగతి, రోగం ఆ ఒక్క సిలిండర్‌ది. నా కారులో నాలుగూ సమానంగా మసిబారి ఉన్నాయి. అన్ని సిలిండర్లూ ఒకేసారి ఒకేలా పాడవడం ఏంటని అక్కడే అనుమానం వచ్చింది.

అలా దొరికిందే మొదట్లో చెప్పిన బొటనవేలంత వాల్వ్, దాని పేరు పీసీవీ వాల్వ్. రింగుల పక్క నుంచి కిందకి జారే గ్యాస్‌ని క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే ఇంజిన్ కింది భాగం) లోంచి తీసి మళ్లీ ఇంటేక్‌లోకి పంపే చిన్న దారి ఇది. తెరుచుకుని ఉండిపోతే వాక్యూమ్‌తో గ్యాస్‌తో పాటు ఆయిల్ తుంపరని కూడా లాగేసి అన్ని సిలిండర్లకీ పంచుతుంది, మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీల్స్ నుంచీ రింగుల పక్క నుంచీ ఆయిల్‌ని తోసేస్తుంది. పాత రకం వాల్వ్ అయితే ఊడదీసి చెవి దగ్గర ఊపండి, టకటకమని లోపలి ముక్క కదలాలి. నాది ఊపితే చప్పుడు లేదు, తారులాంటి మడ్డి పట్టి బిగిసిపోయింది, ఇంటేక్ గొట్టంలో వేలు పెడితే వేలంతా ఆయిల్. వాల్వూ గొట్టమూ మార్చాక వెయ్యి కిలోమీటర్లకి 400 మి.లీ. తాగేది 100 మి.లీ.కి తగ్గింది. కొత్త కార్లలో ఇది వాల్వ్ కవర్‌లోనే రబ్బరు పొరగా ఉంటుంది, అది చిరిగితే ఇంజిన్ ఐడిల్‌లో సన్నగా ఈల వేసినట్టు ఉంటుంది, ఆయిల్ క్యాప్ తీయబోతే లోపలికి గుంజి పట్టుకుంటుంది. ఇంజిన్ నడుస్తుండగా క్యాప్ కొద్దిగా వదులు చేస్తే (వేడి ఆయిల్ చిందుతుంది, ముఖం దూరంగా పెట్టండి) కొంచెం పీల్చినట్టు ఉండటం మామూలే, రైలింజన్‌లా గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే మాత్రం పీసీవీ మూసుకుపోయిందేమో చూసి, అది బాగుంటే రింగుల సంగతి చూడాలి.

రింగుల వరకూ వస్తే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఎంత ప్రెషర్ పుట్టిస్తోందో కొలవడం) చేయించండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్స్ అన్నీ తీసేయాలి, ఫ్యూయల్, స్పార్క్ కట్ చేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఓ చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, రీడింగ్ బాగా పెరిగిందంటే పోయింది రింగులు లేదా బోర్ (సిలిండర్ లోపలి గోడ), పెరగలేదంటే వాల్వ్‌లు లేదా హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) గ్యాస్కెట్. అయితే కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులు బాగున్నాయి అనేది మెకానిక్కులు కూడా పడే బోల్తా. కంప్రెషన్ ఆపేవి పైరెండు రింగులు, గోడ మీద ఆయిల్ గీకేది కింది మూడో రింగ్. ఆయిల్ సరిగ్గా మార్చని ఇంజిన్‌లో ఆ మూడో రింగ్ మసి పట్టి గాడిలోనే బిగుసుకుపోతుంది, గీకిన ఆయిల్ వెనక్కి పోవాల్సిన సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, కంప్రెషన్ మాత్రం కొత్తకారులా చూపిస్తుంది.

బిగుసుకున్న రింగ్ అరిగిన రింగ్ కాదు, కొన్నిసార్లు వదులుతుంది. మంచి సింథటిక్ ఆయిల్ పోసి, మార్చే గడువు సగానికి తగ్గించి, రెండు మూడు సార్లు అలా నడిపి, ప్రతిసారీ వెయ్యి కిలోమీటర్ల కొలత రాసుకోండి. ప్లగ్ రంధ్రాల్లోంచి క్లీనర్ పోసి కొన్ని గంటలు నానబెట్టే పద్ధతీ ఉంది, కానీ ప్లగ్స్ బిగించే ముందు ఖాళీగా సెల్ఫ్ కొట్టి ఆ ద్రవం మొత్తం బయటికి చిమ్మించాలి, లేకపోతే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కిందకి దిగింది ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చాల్సిందే. ఐదు నిమిషాల్లో కడిగేసే ఫ్లష్‌లు మాత్రం ఏళ్ల మడ్డి ఉన్న ఇంజిన్‌లో నేనైతే వాడను, ఊడిన ముక్క ఆయిల్ పంప్ జల్లెడకి అడ్డం పడితే ఉన్న ఇంజిన్ కూడా పోతుంది.

చిక్కటి ఆయిల్ సలహా కూడా అందరూ ఇస్తారు. మాన్యువల్ ఒప్పుకునే గ్రేడ్లలో 5డబ్ల్యూ-30 నుంచి 5డబ్ల్యూ-40కి వెళ్తే కొంత తగ్గొచ్చు, సీల్స్‌ని మెత్తబరిచే హై మైలేజ్ ఆయిల్స్ చిన్న చిన్న కారడాల్లో పనికొస్తాయి. కానీ వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వ్‌లు తెరిచే వేళని ఆయిల్ ప్రెషర్‌తో మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజిన్‌లో మాన్యువల్‌లో లేని చిక్కటిది పోస్తే సన్న దారుల్లో అది వేళకి అందదు. పై గుర్తు దాటించి పోయడం ఇంకా తప్పు, క్రాంక్ దాన్ని నురగ చేస్తుంది, ఆ తుంపర పీసీవీ గుండా పోయి ఇంకా ఎక్కువ కాలుతుంది.

డీజిల్ వాళ్లకి ఒక ముక్క: డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కారులో లెవెల్ పెరుగుతుంటే సంతోషించకండి, ఆ ఫిల్టర్ శుభ్రం చేసుకునేటప్పుడు డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోంది, వెంటనే చూపించండి. టర్బో ఉంటే దాని నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టం విప్పి చూడండి, పల్చని తడి ఉంటుంది, మడుగు కట్టకూడదు.

కారణం తెలిసీ ఇప్పట్లో చేయించలేకపోతే పోసుకుంటూ నడపడం తప్పేమీ కాదు. రెండుసార్లు ట్యాంక్ నింపితే ఒకసారి డిప్‌స్టిక్, డిక్కీలో అదే గ్రేడ్ సీసా, చిన్న గరాటు. ఎర్ర ఆయిల్ లైట్ వెలిగినప్పుడు చూద్దాంలే అనుకోకండి, అది చెప్పేది ప్రెషర్ పడిపోయిందని, అప్పటికే బేరింగులు ఎండుతుంటాయి, వెంటనే ఆపాలి. పోస్తున్నాం కదా అని ఆయిల్ మార్చడం మానేయకూడదు, పాత మడ్డి ఎటూ పోదు. వెయ్యికి అర లీటరు మించి కాలుతూ పోతే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మెల్లగా చంపేస్తుంది, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

వాల్వ్ సీల్స్ అని తేలితే చాలా ఇంజిన్లలో హెడ్ దించక్కర్లేదు. ప్లగ్ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి గాలి ప్రెషర్ పెట్టి, లేదా మెత్తటి తాడు జొనిపి పిస్టన్‌తో పైకి నొక్కి పట్టి, వాల్వ్ లోపలికి పడకుండా స్ప్రింగ్ తీసి సీల్ మార్చేస్తారు. మీ మెకానిక్‌కి ఇది తెలుసా అని ముందే అడగండి. నిజంగానే రింగుల కోసం విప్పాల్సి వస్తే బోర్ కొలతలు కాగితం మీద తీసుకోండి, అరుగుదల హద్దు దాటితే ఒట్టి రింగులు మార్చి లాభం లేదు, హెడ్ ఎలాగూ కిందే ఉంది కాబట్టి వాల్వ్ సీల్స్ కూడా అప్పుడే వేయించండి. బిగించాక కొత్త రింగులు గోడకి సర్దుకునే దాకా ఆయిల్ కొంచెం తగ్గుతూనే ఉంటుంది, మొదటి వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చి, అక్కడి నుంచి మళ్లీ కొలత మొదలుపెట్టండి.