ఫోర్ వీల్ డ్రైవ్ బండి చప్పుళ్లు – 3వ పాఠం: మోత ఎవరి వేగంతో నడుస్తోంది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా. పాటలు ఆపి, ఏసీ ఆపి, అద్దాలు దించి బండి నడపండి, చప్పుడు ఏ వేగంలో మొదలైంది, ఏ వేగంలో తగ్గింది అన్నది రాసుకోండి అన్నాను. ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం రాయొద్దన్నాను. ఇదేం పాఠం, అసలు కావాల్సింది అదే కదా అని మీకు అనిపించి ఉండొచ్చు.

ఎందుకంటే, ఇలాంటి బండిలో చప్పుడు పుట్టినచోటే వినపడాలని లేదు. వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి ఎడమ, కుడి చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) మోత ఛాసిస్ పట్టుకుని పాకి మీ సీటు కింద తేలుతుంది. ముందు ఎడమ హబ్, అంటే చక్రం నడిమి భాగం, గరగరలాడుతుంటే కుడివైపు కూర్చున్నవాళ్లు "ఇటువైపే" అని ఒట్టేసి చెబుతారు. చోటు విషయంలో చెవిని నమ్మలేం. లయ విషయంలో నమ్మొచ్చు. అందుకని ఈ పాఠమంతా ఒకటే ప్రశ్న: ఈ చప్పుడు తిరిగే ఏ భాగంతో పాటు పెరుగుతోంది, తగ్గుతోంది?

పాఠం పార్ట్ టైమ్ బండ్లను, అంటే 2హెచ్ (వెనక చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, తక్కువ గేర్లలో) అని లివరో స్విచ్చో ఉన్నవాటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఫుల్ టైమ్ బండి ఉన్నవాళ్లు హబ్బుల గురించి చెప్పిన భాగం వదిలేయండి. మిగతాది చాలావరకు మీకూ పనికొస్తుంది.

ముందు కాస్త లెక్క

లెక్కంటే భయపడక్కర్లేదు, ఒక్క భాగహారం చాలు. టైరు చుట్టుకొలత 2.3 మీటర్లు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే చక్రం సెకనుకు సుమారు 7 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1 అయితే, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే, ఇంజన్ శక్తిని డిఫరెన్షియల్ దాకా తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు దాదాపు 30 చుట్లు. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు యూనివర్సల్ జాయింట్, అదే మనం క్రాస్ అనేది, రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది కాబట్టి అక్కడ 60. డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు క్రౌన్‌కు 41 పళ్లు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 10 పళ్లు ఉంటే, పన్నూ పన్నూ కలిసేది సెకనుకు దాదాపు 300 సార్లు.

ఇప్పుడు ఈ అంకెలను చెవితో పోల్చండి. సెకనుకు 7 అంటే విడివిడిగా వినిపించే దెబ్బలు: డబడబ, వవ్‌వవ్‌వవ్. 30 అంటే చెవికన్నా ముందు ఒంటికి తెలుస్తుంది. సీటు జిల్లుమంటుంది, అద్దంలో వెనకున్న బండి మసకబారుతుంది. 300 అంటే అచ్చమైన స్వరం, గుయ్యిమనే మోత, గొంతు కలిపి పాడొచ్చు. కాబట్టి గుయ్యిమంటోందని వచ్చి చక్రాలు బ్యాలెన్స్ చేయించుకోవడం దండగ. డబడబ అంటోందని డిఫరెన్షియల్ విప్పించడం అంతకన్నా దండగ, ఖర్చూ ఎక్కువే.

ఇందులో ఒక తిరకాసు ఉంది. బేరింగ్ లోపల గుండ్లు చాలా ఉంటాయి, అరిగిన చోట ప్రతి గుండూ ఒక దెబ్బ కొడుతుంది. అందుకే చక్రం బేరింగ్ పాడైతే విడి దెబ్బలు కాకుండా హోరుగా, గరగరగా వినిపిస్తుంది. దాన్ని పట్టుకునే పద్ధతి కింద వస్తుంది.

గేరు మార్చి వినండి

ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద చప్పుడు బాగా వినిపించే వేగం పట్టుకోండి. అదే వేగంలో ఒక గేరు తగ్గించండి. బండి వేగం మారలేదు, ఇంజన్ మాత్రం జోరందుకుంది. చప్పుడు కూడా ఇంజన్‌తో పాటు పైకెళ్తే తప్పు గేర్‌బాక్స్‌కు ముందు వైపు: ఇంజన్, క్లచ్, దాని మౌంటింగులు, ఎగ్జాస్టు. చప్పుడు ఉన్నచోటే ఉంటే అది గేర్‌బాక్స్ వెనక వైపు, రోడ్డుతో పాటు తిరిగే సామాను. ఒకే ఒక్క గేరులో మూలిగి మిగతా గేర్లలో పోతే ఆ గేరు పళ్లనే చూడాలి.

ఈ పని పై గేరులో ఒక్కదానిలోనే చేసి ఊరుకోకండి. డైరెక్ట్ గేరులో ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి, రెండింటి వణుకూ ఒకేలా ఉంటుంది. గేరు మారిస్తేనే విడిపోతాయి.

క్లచ్ దగ్గర ఇంకో చిన్న పరీక్ష. బండి ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా గరగర వచ్చి, పెడల్ తొక్కగానే పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం. పెడల్ తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్. ఇంతకుమించి ఇక్కడ ఆగను.

తొక్కితే ఒకటి, వదిలితే ఒకటి

వేగం మార్చకుండా యాక్సిలరేటర్ మీద కాలు ఒకసారి గట్టిగా, ఒకసారి తేలిగ్గా వేసి వినండి. క్రౌన్ పినియన్ పళ్లకు రెండు ముఖాలు ఉంటాయి. తొక్కినప్పుడు ఒక ముఖం బరువు మోస్తుంది, వదిలి ఇంజన్ బ్రేకు మీద వస్తున్నప్పుడు రెండోది. గుయ్యిమనే స్వరం తొక్కినప్పుడే వచ్చి వదలగానే పోతే, లేదా దానికి తలకిందులుగా జరిగితే, అది పళ్ల మోత. అరుగుదల కావచ్చు, మధ్య సందు సరిగా పెట్టకపోవడం కావచ్చు. తొక్కినా వదిలినా పెద్ద తేడా లేకుండా గరగరమంటే బేరింగుల వైపు చూడాలి. పినియన్ బేరింగ్, క్రౌన్‌కు అటూ ఇటూ ఉండే పక్క బేరింగుల కన్నా నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని గొంతు సన్నగా ఉంటుంది.

రివర్స్ నుంచి ఫస్టుకు మార్చి క్లచ్ వదలగానే ఠంగుమంటే షాఫ్ట్ దారిలో ఎక్కడో ప్లే, అంటే వదులు, ఉంది. బండిని సమంగా ఉన్నచోట ఆపి, ఇంజన్ ఆపి, తాళం తీసి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా అడ్డం పెట్టాకే కిందికి వెళ్లండి. గేరు, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) న్యూట్రల్‌లో పెట్టి షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. డిఫరెన్షియల్‌లో కొద్దిపాటి సందు సహజం, దానికి కంగారు పడకండి. చూడాల్సింది క్రాస్‌ను: దానికి అటూ ఇటూ పట్టుకుని ఉన్న రెండు కొమ్ములు, అదే యోకులూ, కలిసే కదలాలి. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే క్రాస్ పోయినట్టే. క్రాస్ చివర్లకు ఉండే గిన్నెల అంచున ఇటుకపొడి రంగులో తుప్పు కనిపిస్తోందా? లోపల గ్రీజు ఎండి సూది బేరింగులు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. ఆ పొడి కనిపించాక గ్రీజు కొట్టి కాలం గడపొద్దు, మార్చేయండి.

ఎండిన క్రాస్ ఠంగుమనకముందే కిచకిచలాడుతుంది, అదీ నడక వేగంలో. ఇక్కడ మన లెక్క భలే పనిచేస్తుంది. టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఇంకొకరిని నడక వేగంతో నడపమని, మీరు బండికి కాస్త ఎడంగా పక్కన నడుస్తూ గీత ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు ఎన్ని కిచకిచలో లెక్కపెట్టండి. చుట్టుకు ఒక్కటే అయితే బ్రేకు దగ్గరో చక్రం దగ్గరో వెతకండి. నాలుగో, దానికి రెట్టింపో అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్. పైసా ఖర్చు లేని పరీక్ష, అయినా ఎవరూ చేయరు.

ముందు యాక్సిల్‌ను మెట్లు మెట్లుగా కలిపి వినడం

మామూలు కార్ల వాళ్లకు లేని సౌకర్యం ఇది. చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో కలిపే, విడదీసే, చేత్తో తిప్పే ఫ్రీవీల్ హబ్బులు ఉన్న బండిలో ముందు యాక్సిల్ సామాను మన ఇష్టప్రకారం ఆపి, తిప్పి, బరువు వేసి వినొచ్చు.

మొదట రెండు హబ్బులూ ఫ్రీలో, లివర్ 2హెచ్‌లో. ఇప్పుడు ముందు వైపు తిరిగేవి చక్రాలు, వాటి బేరింగులు మాత్రమే. లోపలి యాక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ పడుకుని ఉంటాయి. ముందు నుంచి చప్పుడు ఇంకా వస్తుంటే టైరు, బేరింగ్, బ్రేకు, ఈ మూడింటిలోనే దొంగ ఉన్నాడు.

తర్వాత రెండు హబ్బులూ లాక్ చేసి, లివర్ 2హెచ్‌లోనే ఉంచండి. ఇప్పుడు ముందు సామానంతా తిరుగుతుంది కానీ బరువు మోయదు. ట్రాన్స్‌ఫర్ కేస్ ముందూ వెనకా కలపలేదు కాబట్టి తారు రోడ్డు మీద కూడా నిశ్చింతగా చేయొచ్చు. ఇందాక లేని చప్పుడు ఇప్పుడు వచ్చిందంటే ముందు షాఫ్ట్ క్రాసులు, ముందు డిఫరెన్షియల్ బేరింగులు, యాక్సిల్ జాయింట్లు అనుమానితులు.

మూడో మెట్టు 4హెచ్. ఇది మట్టి, ఇసుక, కంకర లాంటి జారే నేల మీదే. బరువు పడ్డాకే వచ్చే మూలుగు ముందు క్రౌన్ పినియన్‌దో, ట్రాన్స్‌ఫర్ కేస్‌దో అవుతుంది. గట్టిగా తొక్కినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర టకటకమని ఏదో పళ్లు దాటుతున్నట్టు కొడితే, చైన్ ఉండే రకమైతే అది సాగి ఉండొచ్చు. ఆ బండిని ఇంక 4హెచ్‌లో ఇబ్బంది పెట్టకండి. 4ఎల్‌లో గేర్లు కాస్త ఎక్కువగా మూలగడం మాత్రం చాలా బండ్లకు సహజమే.

హబ్బులు రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఒకటి లాక్, ఒకటి ఫ్రీ అయితే మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో ముందు చక్రాలకు శక్తి అందదు, మీ పరీక్షా తప్పుతుంది. హబ్బులు లేని పార్ట్ టైమ్ బండిలో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి 2హెచ్‌లో నడిపి తేడా వినొచ్చు. విప్పే ముందు బోల్టులు బిగించే ఫ్లాంజికీ యోకుకూ కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. షాఫ్ట్ పొడవు మారేలా జారే స్లిప్ జాయింట్ విడదీస్తే దానికీ ఒక గీత. గీతలు కలవకుండా బిగిస్తే కొత్త వణుకొకటి మీరే తెచ్చిపెట్టుకున్నట్టు.

స్టీరింగ్ తిప్పినప్పుడు

హోరు విషయానికి వద్దాం. మొదటి అనుమానం టైరు మీదే పెట్టండి, ముఖ్యంగా పెద్ద గళ్ల బురద టైర్లయితే. రోడ్డు నున్నటి తారు నుంచి కాంక్రీటుకు మారినప్పుడు హోరు గొంతు మారితే అది టైరు. గళ్ల మీద అరచెయ్యి ముందుకూ వెనక్కూ రాయండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపంలా తగిలితే టైరు ఏటవాలుగా అరిగింది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి, హోరు కూడా చోటు మారుస్తుంది.

రోడ్డు ఏదైనా ఒకేలా ఉండే హోరు బేరింగ్ వైపు చూపిస్తుంది. వేగం నిలకడగా ఉంచి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఎడమకీ కుడికీ పాములా నడపండి. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే చాలాసార్లు కుడి బేరింగే. చాలాసార్లు అన్నాను, ఎప్పుడూ అనలేదు. జాకీ మీద నిర్ధారించుకోకుండా సామాను కొనకండి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి బరువు మీద కదిలినప్పుడు కటకటమంటే బయటివైపు సీవీ జాయింట్, అంటే చక్రం పక్కకు తిరిగినా శక్తి అందించే షాఫ్ట్ కీలు. దాని రబ్బరు తొడుగు (బూటు) చిరిగి, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. మలుపులోనే వెనక నుంచి గుర్రుగుర్రుమని వణికితే, ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండి అయితే, ముందు అందులో పోసిన ఆయిల్ సరైన రకమేనా అని అడగండి.

ఇక పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపు తిప్పితే స్టీరింగ్ బిగుసుకోవడం, టైర్లు ఎగిరెగిరి పడటం, కింద మూలగడం: ఇది జబ్బు కాదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు కాబట్టి షాఫ్టులు మెలి పడతాయి. లివర్ 4హెచ్ నుంచి రాకపోతే తిన్నగా కాస్త వెనక్కి నడపండి, మెలి విప్పుకుంటుంది. తిన్నటి రోడ్డు మీద కూడా ఇలా అవుతుంటే ముందూ వెనకా టైర్ల సైజు, అరుగుదల ఒకటేనా అని చూడండి.

జాకీ మీద

సమనేల, మిగతా చక్రాలకు అడ్డం, జాకీ పక్కన స్టాండు. కొన్ని పాత రకాల్లో హ్యాండ్ బ్రేకు చక్రాన్ని కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. వాటిలో ఒక వెనక చక్రం లేపితే డిఫరెన్షియల్ వల్ల బండి దొర్లిపోగలదు. చక్రం గాల్లో ఉండగా ఇంజన్‌తో తిప్పి వినాలన్న ఆలోచన ఫోర్ వీల్ డ్రైవ్ బండి దగ్గర అసలు పెట్టుకోకండి. నేల మీదున్న చక్రానికి శక్తి అందితే బండి జాకీ దిగి ముందుకు దూకుతుంది.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొటలొటమంటే ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. ప్లే మాయమైతే అది బేరింగ్‌ది. అలాగే ఉంటే చక్రం పక్కకు తిరిగే కీళ్లది, అంటే బాల్ జాయింట్, కింగ్ పిన్ లాంటివాటిది. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే ప్లే ఉంటే స్టీరింగ్ రాడ్ల చివర్లు చూడండి. తర్వాత ఒక చేత్తో కాయిల్ స్ప్రింగ్ పట్టుకుని, రెండో చేత్తో చక్రం తిప్పండి. మంచి బేరింగ్ అయితే స్ప్రింగ్‌కు ఏమీ తెలియదు. అరిగినదైతే సన్నటి గరుకు వేళ్లకు తగులుతుంది, చెవికి వినపడకముందే.

వచ్చే పాఠానికి పని

మీ బండి టైరు చుట్టుకొలత టేపుతో కొలవండి. డిఫరెన్షియల్ నిష్పత్తి మాన్యువల్‌లో ఉంటుంది. 40, 60, 80 వేగాల్లో చక్రం, షాఫ్ట్ సెకనుకు ఎన్ని చుట్లో కాగితం మీద వేసుకుని, పోయినసారి రాసుకున్న చప్పుడు పక్కన పెట్టండి. నాలుగో పాఠంలో డిఫరెన్షియల్ ఆయిల్ తీసి, అయస్కాంతం ప్లగ్గుకు అంటిన బూడిదరంగు ముద్దను చూస్తాం. వాగు దాటాక ఆయిల్ పాలలా మారితే ఏం చేయాలన్నదీ అందులోనే. పాత ఆయిల్ పట్టడానికి ఒక వెడల్పాటి తట్ట సిద్ధం చేసుకోండి. ఆయిల్ తీసే ముందు పోసే ప్లగ్గు వదులవుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి.