గ్యాసు ఫ్రిజ్ చల్లబడకపోతే ముందు రసమట్టం తీయండి

30 ఏళ్లుగా ఒడిశాలోని జయపురంలో ఫ్రిజ్‌లు బాగు చేస్తున్నాను. కంప్రెసర్ మోత వింటే చాలు, జబ్బు చెప్పగలనన్న ధీమా ఉండేది. రెండేళ్ల క్రితం సంక్రాంతికి ఆ ధీమా కాస్తా దిగిపోయింది. మా మేనల్లుడు విశాఖపట్నంలో ఎవరి దగ్గరో ఒక పాత క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాడు, చక్రాల మీద చిన్న ఇల్లనుకోండి. దాన్ని జీపు వెనక తగిలించుకుని సాలూరు ఘాట్ ఎక్కించి మా ఇంటి ముందు నిలబెట్టాడు. "మామయ్యా, ఇందులో ఫ్రిజ్ గ్యాసు మీద నడుస్తుంది, నిన్నటి నుంచి చల్లబడటం లేదు, చూడు" అన్నాడు. గ్యాసంటే మా వృత్తిలో గొట్టాల్లో నింపేది. వాడు చూపించింది సిలిండర్‌ని. కింద మంట పెడితే పైన మంచు కడుతుందంటే నేను నవ్వాను. ఆ రోజు నవ్వినందుకే ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను.

ఈ ఫ్రిజ్‌ను 1922లో స్టాక్‌హోమ్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు కనిపెట్టారు. లోపల మోటారు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. అమ్మోనియా కలిసిన నీరు, కొంత హైడ్రోజన్ గొట్టాల్లో బిగించి ఉంటాయి. అడుగున చిన్న మంట ఆ నీటిని కాచితే అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. వెనక రేకుల దగ్గర చల్లబడి ద్రవమవుతుంది. అక్కడి నుంచి లోపలి గొట్టాల్లోకి జారి, హైడ్రోజన్‌తో కలిసి మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. తర్వాత నీటిలో కరిగి, బయలుదేరిన చోటికే చేరుతుంది. కాచేచోట బుడగలు నీటిని పైకి నెడతాయి. మిగతా ప్రయాణమంతా పల్లానికి పారడమే.

పల్లానికి పారేదానికి వాలు ముఖ్యం. ట్రైలర్ ఒక పక్కకు ఒరిగితే ద్రవం గొట్టం వంపులో నిలిచిపోతుంది, చల్లదనం ఆగిపోతుంది. ఈ సంగతి తెలియక నేను ఆ రోజు రెంచీలు, గేజీలు ముందేసుకుని కూర్చున్నాను. ట్రైలర్ మా వీధి వాలులోనే నిలబడి ఉందని గమనించనేలేదు. పక్కింట్లో గోడ కడుతున్న మేస్త్రీ వచ్చి నిలబడి చూసి, "ఇది ఒరిగి ఉంది కదా బాబూ" అన్నాడు. వాలు చూసే ఆయన రసమట్టం అడిగి తీసుకుని ఫ్రీజర్ అడుగున పెట్టాను. బుడగ ఒక చివరకు పోయి అతుక్కుంది. వాలు వైపు చక్రం కింద రెండు చెక్క పలకలు పెట్టి జీపుతో మెల్లగా ఎక్కించాం. మర్నాడు పొద్దున్నకు ఫ్రీజర్ గోడ మీద పలచగా మంచు పట్టింది. నా గేజీల అవసరమే రాలేదు.

కాబట్టి మొదటి పని ఇదే. రసమట్టాన్ని ట్రైలర్ నేల మీద కాదు, ఫ్రిజ్ లోపలే పెట్టండి, నేల వంగి ఉండవచ్చు. పాత ఫ్రిజ్‌లు సాధారణంగా పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. మీ ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. 3 డిగ్రీలంటే మీటరు పొడవుకు సుమారు 5 సెంటీమీటర్ల తేడా. ప్రయాణంలో ఫర్వాలేదు, బండి అటూ ఇటూ ఊగుతుంది కనుక ద్రవం ఒకచోట నిలవదు. నిలిపి ఉంచినప్పుడే ముప్పు. ఒరిగి ఉండగా మంట గంటల తరబడి వెలిగితే కాచేచోట నీరు తగ్గి గొట్టం మాడుతుంది. తుప్పు పట్టకుండా కలిపిన క్రోమేట్ గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అప్పుడు ఏ మెకానిక్కూ చేయగలిగింది లేదు.

రెండోది ఓపిక. ఇంట్లో ఫ్రిజ్ త్వరగానే చల్లబడుతుంది. దీనికి 6 నుంచి 8 గంటలు మామూలే, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ముందు రోజు రాత్రే వెలిగించి, చల్లబడ్డాక చల్లని వస్తువులనే పెట్టండి. మా అక్కయ్య దేవమాలి కొండకు బయలుదేరే ముందు వేడి వేడి చేపల పులుసు గిన్నె అందులో పెట్టి, దారి పొడవునా ఫ్రిజ్‌ను తిట్టింది. చేతితో తాకి తేల్చకండి. గ్లాసు నీటిలో థర్మామీటరు వేసి లోపల ఉంచండి. మర్నాటికి 5 డిగ్రీల లోపుంటే మీ ఫ్రిజ్‌కు ఏ జబ్బూ లేదు.

అప్పటికీ చల్లబడకపోతే జబ్బును రెండుగా విడగొట్టండి. చాలా ఫ్రిజ్‌లు గ్యాసుతో పాటు 230 వోల్టుల కరెంటు మీద కూడా నడుస్తాయి. ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి ఒక రోజు కరెంటు మీదే నడపండి. బాగా చల్లబడితే గొట్టాలు క్షేమం, లోపం మంట వైపు ఉన్నట్టు. కరెంటు మీద కాచేచోటు వేడెక్కినా లోపల చల్లదనం లేకపోతే లోపం గొట్టాల్లోనే. ఈ ఒక్క పరీక్షతో సగం తిప్పలు తప్పుతాయి. బండి బ్యాటరీ మీద నడిపే 12 వోల్టుల మీట మాత్రం బండి నడుస్తున్నప్పుడే వాడండి. ఇంజను ఆపాక అలాగే వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోతుంది.

మంట వైపు చూసే ముందు కిటికీలు, తలుపు తెరవండి. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, నిలబడిన మనిషి ముక్కుకు ఆలస్యంగా అందుతుంది. కీళ్ల దగ్గర సబ్బు నురుగు రాసి బుడగలు వస్తాయేమో చూడండి. వెతకడానికి అగ్గిపుల్ల గీయకండి. ఈ మాట అనవసరమనిపించవచ్చు, కానీ గీసినవాళ్లను చూశాను.

మీట నొక్కి వెలిగించాక 15 నుంచి 30 సెకన్లు నొక్కే ఉంచాలి. మంటలో ఉండే థర్మోకపుల్ అనే చిన్న కడ్డీ వేడెక్కి, కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టించి గ్యాసు వాల్వును తెరిచి పట్టుకుంటుంది. మీట వదలగానే మంట ఆరిపోతుంటే ఆ కడ్డీ కొన మంటకు పక్కగా జరిగిందేమో, మసి పట్టిందేమో, అడుగున నట్టు వదులైందేమో చూడండి. మరోసారి మా మేనల్లుడి బండిలో నట్టే వదులైంది. సాలూరు ఘాట్ మలుపులు ఎక్కినవాళ్లకు ఎందుకని చెప్పనక్కరలేదు. కొత్త సిలిండర్ తగిలించాక మొదటి నాలుగైదు సార్లు అసలు వెలగకపోతే కంగారు పడకండి, గొట్టంలో నిండిన గాలి పోవాలి.

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా ఊగుతుంటే గాలి చాలడం లేదని అర్థం. బయట గోడకున్న కింది జాలీ మూత విప్పి బర్నర్ చూడండి. మేము విప్పినప్పుడు బర్నర్ గొట్టం మూతిలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టుకుని ఉంది, వేలి కొసంత, నున్నగా, ఎంత పనితనం! పైన పొగగొట్టం నుంచి రాలిన తుప్పు పెచ్చులు బర్నర్ గాట్లను కప్పేశాయి. సిలిండర్ కట్టేసి, బర్నర్ చల్లారాక దాని మీద గుడ్డ కప్పి, పొగగొట్టంలోని మెలిక రేకును పైకి లాగి, గొట్టాన్ని బ్రష్షుతో దులపండి. తర్వాత బర్నర్‌ను పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి.

బర్నర్‌లోకి గ్యాసు చిమ్మే సన్న రంధ్రపు ముక్కే జెట్. దాని దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఇంటి స్టవ్ జెట్‌లో పిన్ను పొడిచే అలవాటు కొద్దీ దీనిలోనూ సూది పొడిచాను. ఈ రంధ్రం వెంట్రుకంత. సూది దూరి కాస్త పెద్దదైంది. ఆ తర్వాత మంట పసుపుగా లేచి, పొగగొట్టమంతా మసి. కొత్త జెట్ వచ్చేదాకా మూడు వారాలు ఆగాం. జెట్ విప్పి స్పిరిట్‌లో నానబెట్టి, ఆరబెట్టి, నోటితో ఊదితే చాలు.

రెగ్యులేటర్ సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ల రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడి ఇస్తుంది. ఫ్రిజ్‌కున్న వివరాల రేకు మీద ఎంత రాసి ఉందో చూసి సరిపోల్చుకోండి. టిఫిన్ హోటళ్ల భట్టీలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ మాత్రం దీనికి పెట్టకండి. పేరుకు ప్రొపేన్ ఫ్రిజ్ అంటాం కానీ మన వంట సిలిండర్‌లో బ్యూటేన్ కూడా ఉంటుంది. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల దిగువన కూడా ఆవిరవుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గరే మొండికేస్తుంది. జనవరి తెల్లవారుజామున సిమిలిగుడ వైపు చలిలో చిన్న సిలిండర్ అడుగంటుతుంటే మంట కుదించుకుపోయేది ఇందుకే. ఎండ పొడచూపగానే దానంతటదే సర్దుకుంటుంది. సిలిండర్‌ను వేడినీళ్లతోనో మంటతోనో కాచే తెలివి మాత్రం వద్దు.

ఎండాకాలంలో బాధ దీనికి తలకిందులు. వెనక వేడి బయటికి పోతేనే లోపల చల్లదనం. ఏప్రిల్‌లో గుణుపురం వైపు ఆగినప్పుడు ఫ్రిజ్ ఉన్న గోడ పడమటి ఎండకు నిలిపారంటే ఎంత మంచి మంటైనా దండగ. నీడ వైపు తిప్పండి, పై జాలీ, కింది జాలీ దేనికీ అడ్డం పెట్టకండి. పై జాలీ లోపల కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను, గాలి బయటికి పోయేలా బిగించాం. ఖర్చు తక్కువ, ఫలితం మాత్రం కళ్లకు కనిపించింది. తలుపు రబ్బరు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు మార్చాలి. పెట్రోలు బంకులోకి తిరిగే ముందే మంట ఆర్పి, సిలిండర్ కట్టేయండి.

వెనక గొట్టాల మీద పసుపు పొడి కనబడినా, ఫ్రిజ్ తెరవగానే అమ్మోనియా ఘాటు ముక్కును పొడిచినా, వెంటనే ఆపేసి దూరంగా రండి. గొట్టం చిల్లు పడింది. నాలాంటి కంప్రెసర్ మెకానిక్కులకు అక్కడ టార్చి వెలిగించి అతుకు వేయాలని చెయ్యి దురదపెడుతుంది. లోపల ఒత్తిడిలో హైడ్రోజన్ ఉంది, వేయకండి. వెనక గొట్టాల యూనిట్ మొత్తం మార్చడమే దారి. ఫ్రిజ్‌ను ఊడదీసి తలకిందులుగా పెడితే మళ్లీ పనిచేస్తుందని కొందరు చెబుతారు. లోపల ద్రవం సర్దుకుని కొన్నిసార్లు పనిచేయడం నిజమే, కానీ చిల్లు పడ్డదానికి అది మందు కాదు.

వానాకాలం నాలుగు నెలలూ ట్రైలర్ మా పెరట్లోనే ఉంటుంది. సిలిండర్ విప్పేసి, గ్యాసు గొట్టం మూతికి బిరడా పెట్టి, జాలీలకు లోపలి వైపు సన్నటి వల కడతాం. వెలిగించే ముందు ఆ వల తప్పకుండా తీసేయాలి. ఫ్రిజ్ తలుపు సందులో రెండు వేళ్ల మందం చెక్క పెడతాం, లేకపోతే లోపల బూజు పడుతుంది. కుమ్మరి పురుగు మాత్రం ఈసారి ట్రైలర్ తాళం కప్పలో ఇల్లు కట్టుకుంది.