పవర్ తగ్గింది సరే, పోయింది ట్యూబేనా?

హామ్ (అమెచ్యూర్ రేడియో) యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ పడిపోగానే చాలామంది సిగ్నల్ పవర్ పెంచే కొత్త వాక్యూమ్ ట్యూబ్ కొనేస్తారు. పాతది ఎందుకు నీరసించిందో తేలకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

లోపల వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్‌తో చూసి, ప్లేట్ (ట్యూబ్‌లో హై వోల్టేజ్ అందే భాగం) లైన్‌ను చాసిస్‌కు షార్ట్ చేశాకే చెయ్యి పెట్టండి.

సమస్య: అవుట్‌పుట్ మెల్లగా తగ్గుతోంది

డ్రైవ్ (రేడియో నుంచి వచ్చే ఇన్‌పుట్ సిగ్నల్) మామూలే, ట్యూనింగూ బాగానే ఉంది, ప్లేట్ కరెంట్ మాత్రం ఇదివరకటిలా ఎక్కడం లేదు. ఎమిషన్, అంటే వేడెక్కిన ఫిలమెంట్ ఎలక్ట్రాన్లు వదిలే శక్తి, అయిపోయి ఉండొచ్చు. కానీ నేనైతే ముందు సాకెట్‌నే అనుమానిస్తాను. 3-500జెడ్ అనే ట్యూబ్ ఫిలమెంట్ 5 వోల్టుల దగ్గర 14.6 ఆంపియర్లు లాగుతుంది. పిన్ దగ్గర 0.02 ఓమ్ చేరినా దాదాపు 0.3 వోల్టు అక్కడే పోతుంది, ఫిలమెంట్‌కు చాలినంత వేడి అందదు. ట్యూబ్ తీసి పిన్ కొనలు వెలుతురులో చూడండి: కాంటాక్ట్ చెడి ఉంటే టంకం మెరుపు పోయి గరుగ్గా కనిపిస్తుంది, సాకెట్ స్ప్రింగులు రంగు మారి వదులై ఉంటాయి. పిన్నులకు మళ్లీ టంకం పెట్టి, స్ప్రింగులు శుభ్రం చేసి బిగించండి, లేదా సాకెట్టే మార్చండి. అప్పటికీ పవర్ రాకపోతే ట్యూబ్ మార్చాల్సిందే.

సమస్య: ప్లేట్ ఎర్రబడుతోంది

3-500జెడ్ అయితే ఫుల్ పవర్‌లో కాస్త ఎర్రబడటం మామూలే. ఆ వేడిలోనే ప్లేట్ లోపలి గ్యాస్‌ను పీల్చుకుంటుంది. 811ఎ అనే చిన్న ట్యూబ్ ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపండి. ట్యూనింగ్ తప్పి ఉండాలి, లేదా లోడ్ మించి ఉండాలి. నాలుగు 811ఎలకు 1,000 వాట్ల ఇన్‌పుట్ ఇచ్చి 600 బయటికి తీస్తే, ఒక్కో ప్లేట్ మీద దాదాపు 100 వాట్ల వేడి పడుతుంది. దాని హద్దు 65. మాటల మధ్య విరామాలుండే ఎస్‌ఎస్‌బీలో (మాటలు పంపే మోడ్) నెట్టుకొస్తుంది కానీ, సిగ్నల్ ఆగకుండా వెళ్లే ఎఫ్‌టీ8, ఆర్‌టీటీవై అనే డేటా మోడ్‌లలో తట్టుకోలేదు. ఆ మోడ్‌లలో పవర్ సగానికి తగ్గించండి.

లేదంటే ప్లేట్ 160 వాట్ల వేడి తట్టుకునే 572బి ట్యూబ్ ఎంచుకోండి. ఫిలమెంట్ అదే 6.3 వోల్టులు, 4 ఆంపియర్లు, సాకెట్ కూడా అదే. బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ట్యూబ్ కరెంట్‌ను నిర్ణయించే వోల్టేజ్), న్యూట్రలైజేషన్ (ట్యూబ్ తనంతట తాను ఆసిలేట్ కాకుండా చేసే సర్దుబాటు) చూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ పాతదే కాబట్టి పవర్ పెద్దగా పెరగదు, వేడికి ఓర్పు పెరుగుతుంది.

సమస్య: కొత్త ట్యూబ్ పెట్టగానే ఫట్‌మంది

ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న ట్యూబ్‌లో గ్యాస్ చేరి ఉంటుంది. హై వోల్టేజ్ లేకుండా కొన్ని గంటలు ఫిలమెంట్ మాత్రమే వెలిగించి, ఆ తర్వాత తక్కువ వోల్టేజ్‌తో మొదలుపెట్టండి.

సమస్య: 8877 అనే పెద్ద ట్యూబ్‌కు మారాలనుంది

ప్లేట్ 1,500 వాట్ల వేడి తట్టుకుంటుందన్న సంగతి ఆశపెడుతుంది. కానీ దానికి వేరే సాకెట్, గట్టి బ్లోయర్, ఆన్ చేశాక 3 నిమిషాలు ఆపే టైమర్ కావాలి. అవి లేని పెట్టెలో దాన్ని పెట్టొద్దు.