కొలెస్ట్రాల్ మాత్ర మొదలయ్యాక నోటికి రుచి తెలియడం లేదా?

ఇంట్లో అందరికీ సరిపోయిన చేపల పులుసు మీ ఒక్కరికే చప్పగా ఉందా? ఏం తాగినా నోరు చిలుము పట్టినట్టుంటోందా? అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి స్టాటిన్ మాత్రలతో కొందరికి ఇలా అవుతుంది. కానీ అరుదు. ముందే ఆ మాత్ర మీదకు నెట్టేయకండి.

మొదట ముక్కు సంగతి తేల్చుకోండి. ముక్కు మూసుకుని పంచదార, ఉప్పు, నిమ్మరసం, కాకరకాయ ముక్క ఒక్కొక్కటే నాలుక మీద పెట్టుకోండి. మధ్యమధ్యలో నీళ్ళు పుక్కిలించండి. నాలుగూ తెలిస్తే నాలుక బాగానే ఉంది, జలుబో సైనసో వాసన తగ్గించి ఉండవచ్చు. తెలియకపోతే అద్దంలో నోరు చూసుకోండి: తెల్లటి పూత, చిగుళ్ళ వాపు, తడి ఆరిపోవడం.

నోరు శుభ్రంగానే ఉంటే మందుల సంచి తీయండి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ ఇనుము నాకినట్టు చేస్తాయి. బీపీకి వాడే ఎనలాప్రిల్ రుచి తగ్గించవచ్చు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో జాగ్రత్త: నోరు చేదు చేయడమే కాదు, అటోర్వాస్టాటిన్ ఒంట్లో పేరుకునేలా చేసి కండరాలను దెబ్బతీయగలదు. ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో, రుచి ఎప్పుడు మారిందో తేదీలతో రాయండి. స్టాటిన్ మొదలుపెట్టాకో, డోసు పెంచాకో కొద్ది వారాల్లో వచ్చిన మార్పయితే అనుమానం బలపడుతుంది.

ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. స్టెంట్ వేసినవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు అలా ఆపడం ప్రాణం మీదకు తేవచ్చు. డాక్టరు డోసు తగ్గించవచ్చు, వేరే స్టాటిన్ రాయవచ్చు, కొందరికి కొన్ని వారాలు ఆపి చూడవచ్చు. రుచి కోసం జింకు మాత్రలు మాత్రం ఒంట్లో జింకు లోపం ఉంటేనే.

ఈలోగా జరిగే అసలు నష్టం ఉప్పుతో. రుచి తెలియక ఆవకాయ, ఉప్పుచేప ఎక్కువ వేసుకుంటారు, బీపీ పెరుగుతుంది. రోజంతటికీ, పచ్చళ్ళతో కలిపి, ఉప్పు 5 గ్రాములే, అంటే ఒక టీస్పూను. బదులుగా మిరియాలు, అల్లం, జీలకర్ర, నిమ్మరసం పెంచండి. కోనసీమ పెరళ్ళలో కాసే పంపర పనస మాత్రం పక్కన పెట్టండి. గ్రేప్‌ఫ్రూట్ జాతిది, అటోర్వాస్టాటిన్, సింవాస్టాటిన్ ప్రభావాన్ని పెంచగలదు.

కండరాల నొప్పితో మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా ఆ రోజే డాక్టరును కలవండి. రుచి పోవడంతో పాటు మూతి వంకర పోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.